ఆ బుధవారం ఆమెను బయట కూర్చోమన్నాను

మొన్న రాజాంలో ఒక కాలేజీవాళ్ళు పిలిస్తే వెళ్ళాను. సైకాలజీ చదివే పిల్లలు ఓ నలభై మంది కూర్చున్నారు. గంటసేపు ఏవేవో చెప్పాను. చివర్లో వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "మేడమ్, మీ సర్వీసులో మీరు చేసిన పెద్ద తప్పేమిటి?" అని అడిగింది. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వి, బస్సుకు వేళయిందని చెప్పి లేచిపోయాను. ఉద్యోగమంతా ఎదుటివాళ్ళ చేత నిజాలు చెప్పించినదాన్ని, నా వంతు వచ్చేసరికి బస్సు పేరు చెప్పి తప్పించుకున్నాను.

ఆ అమ్మాయి పేరైనా అడగలేదు. ఎక్కడో ఒకచోట చదువుతుందేమోనని ఇది రాస్తున్నాను. ఇందులో ఎవరి పేర్లూ ఉండవు. కొన్ని వివరాలు మార్చాను. రాయడానికి ఎవరిని అడగాలో వాళ్ళను అడిగాను. "రాసుకోండి" అంది ఆమె.

నేను పనిచేసింది ఒక ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగంలో. విభాగమంటే ఒక డాక్టరుగారు, ఒక హెడ్ సిస్టరు, సైకాలజిస్టుగా నేను. తాగుడు మానాలని వచ్చేవాళ్ళు వరండా నిండి మెట్ల మీద కూడా కూర్చునేవారు. డాక్టరుగారు మందులిచ్చి, వణుకు తగ్గించి, వార్డులో పదిరోజులుంచి పంపేవారు. నెల తిరక్కుండా అదే మనిషి మళ్ళీ అవే మెట్ల మీద కనిపించేవాడు. అప్పుడు నేను గ్రూపు పెడదామన్నాను.

గ్రూపు థెరపీ అంటే పెద్ద యంత్రాంగమేమీ కాదు. ఒకేరకం కష్టమున్న ఏడెనిమిది మందిని గుండ్రంగా కూర్చోబెడతాం. ప్రతి వారం అదే గది, అదే వేళ, గంటన్నర. మేం ఉపన్యాసాలివ్వం. వాళ్ళే మాట్లాడుకుంటారు. డాక్టరు చెబితే తలకెక్కని మాట పక్క కుర్చీలో మనిషి చెబితే ఎక్కుతుంది. మా పనల్లా ఆ గదిని కాపలా కాయడం. అక్కడి మాట బయటికి పోకూడదు, మధ్యలో కొత్తవాళ్ళు లోపలికి రాకూడదు, తాగి రాకూడదు. ఈ మూడు నియమాలనూ అట్ట మీద రాసి గోడకు తగిలించాను.

"మాట్లాడుకుంటే తాగుడు మానేస్తారా?" అన్నారు డాక్టరుగారు. ఆయన వెటకారానికి అనలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. పాత దుప్పట్లు పెట్టే గది ఒకటి ఖాళీ చేయించి ఇచ్చింది కూడా ఆయనే.

హెడ్ సిస్టరుది నరసన్నపేట వైపు. నాకంటే ఆరేళ్ళు పెద్ద. పుస్తకాలు చదవలేదు గాని మనుషుల్ని బాగా చదివింది. ఒకరితో ఒకరికి పరిచయం లేనివాళ్ళనే గ్రూపులోకి తీసుకోవాలని నేను చెబితే ఆమె నవ్వింది.

"మన జిల్లాల్లో పరిచయం లేనోల్లు ఎక్కడ దొరుకుతారు మేడమ్? నాలుగు మాటలు కలిపితే ఎవులో ఒకలికి బావో మావో అయిపోతారు. ముందు సుట్టరికాలు అడగండి. ఆడోల్ల పుట్టిల్లు ఏ ఊరో అడగండి."

నేను అడగలేదు. మొదటి రోజు ఎనిమిది మందినీ కూర్చోబెట్టి, "మీలో ఎవరికైనా ఎవరైనా ముందే తెలుసా?" అన్నాను. అందరూ తలలు అడ్డంగా ఊపారు. నాకు అది చాలనిపించింది. వాళ్ళు నిజమే చెప్పారు. ఆ మగవాళ్ళకు ఒకరికొకరు తెలియదు.

ఆ ఎనిమిది మందిలో ముగ్గురి గురించి మీకు తెలియాలి. ఒకరు రిటైరైన బడి మాస్టారు. శుభ్రమైన చొక్కా, జేబులో పెన్ను. ఇంకొకడు చేపల వ్యాను నడిపేవాడు. రేవుల్లో సరుకెత్తి ఊళ్ళకు చేరవేస్తాడు. బాగా మాటకారి. మూడోవాడు సముద్రం మీద వేటకు వెళ్ళే మనిషి. నలభై దాటలేదు గాని యాభై ఉన్నట్టుండేవాడు. భార్య ఎప్పుడో విడిచి వెళ్ళిపోయింది. తల్లి, చనిపోయిన తమ్ముడి భార్య, తమ్ముడి ఇద్దరు ఆడపిల్లలు, వీళ్ళతో ఒకే ఇంట్లో ఉంటున్నాడు. అతన్ని వెంటబెట్టుకుని ఆసుపత్రికి తెచ్చి చేర్పించింది కూడా ఆ తమ్ముడి భార్యే. ఫారం మీద వేలిముద్ర వేస్తూ ఆమె అన్న మాట నాకు గుర్తు. "మాకింక మగదిక్కు ఈయనే అమ్మా. ఈయన్ని కూడా తాగుడికి ఒగ్గీలేను."

అయిదు వారాలు అతను నోరు విప్పలేదు. అందరికంటే ముందు వచ్చి, కిటికీ పక్క కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. వంతు వస్తే "నాకేటీ లేదు" అనేవాడు. గ్రూపులో మౌనాన్ని తట్టుకోవడం చాలా కష్టమైన పని. మీ చేతులు దురద పెడతాయి, ఏదో ఒకటి అడగాలనిపిస్తుంది. నేను ఓర్చుకున్నాను. ఆ విషయంలో మాత్రం నేను సరిగ్గానే చేశానని ఇప్పటికీ అనుకుంటాను.

ఆరో వారం మాస్టారు తన కొడుకు గురించి చెబుతున్నారు. తాగిన మైకంలో వాడి పదో తరగతి పుస్తకాలు పొయ్యిలో పెట్టారట. "వాడు ఒక్క మాట కూడా అనలేదు. అడ్డు రాలేదు. అలా నిలబడి చూశాడంతే" అన్నారు.  అప్పుడు కిటికీ పక్కనుంచి గొంతు వినిపించింది.

"మా తమ్ముడ్ని నానే సంపీసినాను."

 అతను నేలకేసి చూస్తూ చెప్పాడు.

ఆ రోజు వేటకు మూడో మనిషి రాలేదు. అన్నదమ్ములిద్దరే పడవ తోసుకెళ్ళారు. తిరిగొచ్చేటప్పుడు ఇంజను దగ్గర ఇతనున్నాడు. పొద్దున్నే తాగి ఉన్నాడు. ఒడ్డు దగ్గర లేచే కెరటానికి పడవను నిలువుగా ఉంచాలి. ఇతను పక్కకు తిప్పేశాడు. ముందు కూర్చున్న తమ్ముడు ఎగిరి నీళ్ళలో పడ్డాడు. పడవ అంచు తలకు తగిలినట్టుంది, ఈదలేకపోతున్నాడు.

"అన్నా, తాడియ్యి అన్నాడు. రెండు పాలీలు అన్నాడు. తాడు నా కాలికిందే ఉన్నాది. అందుకున్నాను. ముడి ఇప్పలేకపోనాను. నా సేతులు నా మాట ఇన్లేదు. ఎంతసేపో ఆ ముడి కాడే ఉండిపోనాను. తలెత్తి సూసేసరికి ఆడు లేడు."

ఊళ్ళో మాత్రం ఇంజను ఆగిపోయిందని, కెరటం కొట్టేసిందని చెప్పాడు. అందరూ నమ్మారు. సముద్రం మీద అలాంటివి జరుగుతూనే ఉంటాయి.

"రోజూ ఆడి పెల్లామే నాకు కూడు పెడతాది. పిల్లల కంటె ముందు నాకే పెడతాది. 'తిను బావా' అంటాది. ఆ సేతి కూడు దిగాలంటే నాను తాగాల."

అలా అని ఏడ్చాడు. పెద్దగా కాదు, ఊపిరాడని మనిషిలా. మాస్టారు తన కుర్చీ పక్కకు లాక్కుని అతని వీపు మీద చెయ్యి వేశారు. గంటన్నర అయిపోయేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. వ్యాను మనిషి కూడా కళ్ళు తుడుచుకున్నాడు. చిన్నప్పుడు తండ్రి పోయినప్పుడు కూడా తనకు కన్నీళ్ళు రాలేదని, ఇవేమిటో ఇప్పుడొస్తున్నాయని అన్నాడు.

ఆ రోజు నేను గర్వంగా ఇంటికి వెళ్ళాను. దాచడమెందుకు? గ్రూపు పనిచేస్తోందని డాక్టరుగారికి చెప్పాను కూడా. వెళ్ళేముందు వ్యాను మనిషికి ఒక సలహా ఇచ్చాను. అతని భార్య, మొగుడు తనతో ఏదీ చెప్పడని ఎప్పటినుంచో గోల పెడుతోంది. "ఈ వారం ఇంటికెళ్ళి ఆమెతో మనసు విప్పి మాట్లాడు. ఎందుకు ఏడ్చావో చెప్పు" అన్నాను.

ఎందుకు ఏడ్చావో చెప్పు అన్నాను. ఆ వాక్యం నాదే.

అతను చెప్పాడు. కుళ్ళుతో చెప్పలేదు, కబుర్లకోసం చెప్పలేదు. పక్కమనిషి బాధకు గుండె కరిగి, పెళ్ళయ్యాక మొదటిసారి భార్య ముందు కూర్చుని చెప్పాడు. పేరు చెప్పలేదు. ఊరు మాత్రం చెప్పాడు. ఆ ఊళ్ళోనే అతని భార్య అక్కను ఇచ్చారు. ఆమె ద్వారా కుళాయి దగ్గరకు, అక్కడినుంచి ఆ ఇంటికి మాట చేరడానికి వారం సరిపోయింది. ఊళ్ళో తమ్ముణ్ణి సముద్రానికి ఇచ్చుకున్న అన్న ఒక్కడే ఉంటే, పేరుతో పనేముంది?

ఏడో వారం వ్యాను మనిషి వెలిగిపోతూ వచ్చాడు. "మీరు సెప్పినట్టే మాట్లాడీసినాను మేడమ్. మా ఆడది ఎంత సంతోసపడిపోనాదో" అన్నాడు. ఏం మాట్లాడావని నేను అడగలేదు.

ఎనిమిదో బుధవారం మేం మొదలుపెట్టి పావుగంటైంది. తలుపు బయట హెడ్ సిస్టరు గొంతు, మరో ఆడగొంతు వినిపించాయి. తలుపు తెరుచుకుంది. తమ్ముడి భార్య. చెప్పుల్లేవు. ఆటో దొరక్క జంక్షన్ నుంచి నడిచి వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్ళు మట్టి. సిస్టరు వెనక నిలబడి, ఏం చెయ్యమంటారన్నట్టు నాకేసి చూస్తోంది.

అతను కుర్చీలోంచి లేచాడు.

ఆమె గదిలో మగవాళ్ళందర్నీ ఒక్కొక్కర్నీ చూసింది. తర్వాత అతన్ని చూసి, అరవకుండా, మామూలు గొంతుతో అంది.

"ఈల్లందరి ముందరా సెప్పినావట బావా. నా ముందర సెప్పు."

అతని పెదాలు కదిలాయి. నేను చూశాను. ఒక చెయ్యి కూడా ఆమె వైపు కొంచెం లేచింది. ఏదో చెప్పబోయాడు. ఆ మాట గొంతులోంచి రావడానికి ఇంకొక్క నిమిషం కావాలి. అయిదు వారాల మౌనాన్ని ఓర్చుకున్న నేను ఆ ఒక్క నిమిషం ఓర్చుకోలేకపోయాను.

నాకు గోడమీది అట్ట కనిపించింది. మిగతా ఏడుగురూ తలుపు వైపు భయంగా చూడడం కనిపించింది. గ్రూపు చెదిరిపోతుందనిపించింది. నేను లేచి ఇద్దరి మధ్యకు వెళ్ళాను.

"అమ్మా, ఇది గ్రూపు జరిగే టైము. మీరు కాసేపు బయట కూర్చోండి. అయ్యాక మనం ముగ్గురం విడిగా మాట్లాడుకుందాం."

చాలా మెత్తగా చెప్పాను. ఆ మెత్తదనమే నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఆమె నన్ను చూసింది. "నాను బయట కూకోవాలా?" అంది.  వెనక్కి తిరిగి వరండాలోకి వెళ్ళి బల్లమీద కూర్చుంది. అతని చెయ్యి కిందికి దిగిపోయింది. "నీళ్ళు తాగొస్తాను మేడమ్" అని అతను వార్డు వైపున్న రెండో తలుపులోంచి బయటికి వెళ్ళాడు.

అంతే. మళ్ళీ మేమెవరమూ అతన్ని చూడలేదు.

గంట దాటినా అతను రాకపోయేసరికి సిస్టరు ఆమె పక్కన కూర్చుని టీ ఇప్పించింది. ఆమె తాగలేదు. సాయంత్రం బస్సుకు సిస్టరే ఎక్కించింది. తిరిగొచ్చాక నాతో, చుట్టరికాలు అడగమని చెప్పాను కదా అనైనా అనలేదు. అంటే బాగుండేది.

తర్వాతి వారం ఆరుగురు వచ్చారు. వ్యాను మనిషి తనే చెప్పాడు, కుర్చీలో కూర్చోకుండా నిలబడే. "నా నోటినుంచే పోనాది. నన్ను ఏటన్నా అనండి." జూట్ మిల్లులో పనిచేసే అతను లేచి కొట్టడానికి వెళ్ళినంత పని చేశాడు. "మరి మా ఇంట్లో సంగతులు ఎన్నూల్లు తిరిగినాయిరా?" అన్నాడు. అప్పుడు నేను చెప్పాను, భార్యతో మాట్లాడమన్నది నేనేనని, ఎంతవరకు మాట్లాడాలో చెప్పనిది నేనేనని, అడగవలసిన చుట్టరికాలు అడగనిది కూడా నేనేనని. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "మీరు ఒప్పుకున్నారు మేడమ్, బాగుంది. కాని ఇక్కడింక నేను ఏమీ చెప్పలేను" అన్నారు. మర్యాదగా నమస్కారం పెట్టి వెళ్ళారు. మరి మూడు వారాలకు ఆ గ్రూపు లేదు. వ్యాను మనిషి మళ్ళీ తాగడం మొదలుపెట్టాడని విన్నాను.

పడవ మనిషి ఆ సాయంత్రమే ఊరొదిలేశాడు. మన తీరంనుంచి చాలామంది వెళ్ళినట్టే గుజరాత్ వెళ్ళి అక్కడి బోట్లలో పనికి కుదిరాడట. నేను రెండుసార్లు ఉత్తరం రాసి ఊరికి పంపాను. ఒకసారి ఫోను చేయించాను. అడ్రసు తెలియదన్నారు. వెళ్ళి తమ్ముడి భార్యను కలవాలని అనుకుంటూనే ఉన్నాను. ఈ వారం ఓపీ ఎక్కువ, వచ్చే వారం ట్రైనింగు. కారణాలు దొరుకుతూనే ఉంటాయి.

వానలు దాటాక, ఒకరోజు సిస్టరు నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరేసింది. "మన పడవాయన పోనాడంట మేడమ్. పచ్చకామెర్లు. అక్కడే కాల్సీసినారంట. ఇంటికి తేలేదు."

ఆదివారం ఇద్దరం వెళ్ళాం. బస్సు దిగి ఆటోలో వెళ్తుంటే సిస్టరు నా చెయ్యి పట్టుకునే కూర్చుంది. తమ్ముడి భార్య ఒడ్డున ఇసుకలో వల పరిచి చేపలు ఎండబెడుతోంది. మమ్మల్ని గుర్తుపట్టింది. తిడుతుందనుకున్నాను. చీర చెంగుతో చేతులు తుడుచుకుని, పక్కన ఇసుక చదును చేసి కూర్చోమంది.

"ఓపాలి ఫోన్ సేసినాడమ్మా" అంది తనే. "గుంటలిద్దరూ బాగున్నారేటి? అన్నాడు. నాను మాటాడకుండా పెట్టీసినాను. మల్లీ సేస్తాడనుకున్నాను. మల్లీ సేస్తే తిట్టాలనుకున్నాను. బాగా తిట్టాల, ఇంటికి రమ్మనాల అనుకున్నాను."

కాసేపు చేపలు తిరగేసింది. తర్వాత నా వైపు పూర్తిగా తిరిగింది.

"మీ కాడ ఏటి సెప్పినాడో నాకు సెప్పండి. ఊరోల్లు సెప్పినాది కాదు. బావ సెప్పినాది సెప్పండి."

నేను ఆ ఉద్యోగంలో ఒక్క నియమాన్ని దేవుడిలా నమ్మాను. గదిలో మాట గది దాటకూడదు. మనిషి చనిపోయినా ఆ మాట అతనిదే. సిస్టరు వైపు చూశాను. ఆమె సముద్రంకేసి చూస్తోంది.

చెప్పాను. గుర్తున్నంతవరకూ అతని మాటల్లోనే చెప్పాను. కెరటం, తాడు, ముడి, వినని చేతులు, అన్నీ. ఆమె పెట్టే అన్నం సంగతి కూడా. 

"రెండు పాలీలు అన్నాడా, అన్నా తాడియ్యి అనీసి?"

"అవును. రెండుసార్లు."

"నా పేరు అన్లేదా?"

 అబద్ధం చెబితే ఆమెకు ఏదో ఒకటి మిగిలేది. కాని ఆ బుధవారం ఆమె అంతదూరం నడిచి వచ్చింది నిజం కోసం. "మీ బావ ఆ సంగతేమీ చెప్పలేదమ్మా" అన్నాను.

తల ఊపింది. కళ్ళు తుడుచుకోలేదు. "అన్న ఉన్నాడు కదా, లాగీసుకుంటాడు అనుకునుంటాడు" అంది. తర్వాత అడిగింది.

"సెప్పినప్పుడు మా బావ ఏడిసినాడా?"

"ఏడ్చాడు."

"ఎవులైనా పట్టుకున్నారా?"

"పక్కనున్న మాస్టారు వీపు మీద చెయ్యి వేశారు. చివరిదాకా తియ్యలేదు."

"ఒలమ్మా, పోన్లే. పట్టుకున్నారు." అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే అంది, "నాను ఆ రోజు తిట్టడానికి రాలేదమ్మా. తెలిసిన కాడినుంచీ కూడు సయించక, ఇదేటి బావా, ఇన్నాల్లు ఒక్కుడివీ ఇదంతా ఎలా మోసినావు అని అడుగుదామని వొచ్చినాను. ముందు బావని సెప్పనిచ్చి, తరవాత అడుగుదామనుకున్నాను."

ఆమె గొంతులో నామీద కోపం లేదు. ఎంత వెతికినా దొరకలేదు.

"నన్ను క్షమించమ్మా" అన్నాను. ఇంత చదివి, ఇన్నాళ్ళు మాటలతోనే బతికి, నా దగ్గర అంతకుమించి మాట లేకపోయింది. ఆమె ఎండ దిగుతుంటే లేచి చేపలు బుట్టల్లోకి ఎత్తడం మొదలుపెట్టింది. సిస్టరు చీర ఎగదోపుకుని ఆమెకు సాయం చేసింది. నేనూ చేశాను.